ఓటును, ఒట్టును

మనుష్యుడు దేవుని సన్నిధిని మోకరించి లేచిన పిమ్మట పొలమునకు పోవును, సంతకు పోవును, న్యాయస్థానమునకు పోవును. అయిదేండ్ల కొకమాఱు ఓటుగదికిని పోవును. సంతలో తూకము తప్పింపరాదనియు, న్యాయస్థానమున కల్ల సాక్ష్యము పలుకరాదనియు మతము బోధించినప్పు డెవ్వరును ఆక్షేపింపరు. ఓటుగదిలో నేమి చేయవలయునో మతము బోధింపవచ్చునా యని యడిగినతోడనే పెద్దలు రెండు పక్షములుగా విడిపోవుదురు. మతము గుడిలోను చర్చిలోను మసీదులోను ఉండవలసినదే కాని ఎన్నికల జోలికి రాగూడదని యొక పక్షమువారు వాదింతురు. భక్తునికి జీవితములో దైవసంబంధము లేని గది యొక్కటియు నుండదు గనుక గురువు చెప్పినచొప్పున ఓటు వేయుట విధియని రెండవ పక్షమువారు వాదింతురు. ఈ రెండు వాదములలోను కొంత సత్యమున్నది. రెండింటిలోను అంతకంటె పెద్ద ప్రమాదమున్నది. దీనిని విచారింపవలసిన యావశ్యకము మాకు గ్రంథములవలన గాక ఒక స్త్రీ యడిగిన ప్రశ్నవలన గలిగినది. కావున ఆ ప్రశ్నతోడనే యారంభించెదము.

కొన్ని యేండ్ల క్రిందట, ఎన్నికలకు నాలుగు దినములు ముందుగా, పుంగనూరు ప్రాంతపు పల్లెనుండి ఒక నడివయస్సు స్త్రీ పొలపు దావా విషయమై మదనపల్లెలోని మాయొద్దకు వచ్చినది. దావా మాటలు ముగిసినను ఆమె లేవలేదు. కొంతసేపటి కిట్లు పలికినది: "సామీ, ఇంగొక మాట అడగల్ల. మొన్న రేత్రి మా పల్లెలోకి వచ్చి ఇంటింటికీ దుడ్లిచ్చినారు. ఊరికే ఇయ్యలేదు, బైబిలు మీద చెయ్యి పెట్టించి ఇచ్చినారు. ఆయప్ప మంచోడు కాదని ఊరంతా ఎరుగును. ఇప్పుడు ఆయప్పకు ఓటెయ్యకపోతే దేవునికి మాట తప్పినట్లేనా?"

మేము న్యాయవాదులము గనుక మొదట చట్టము చెప్పితిమి. ఓటుకు ధనమిచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములే. వెనుకటి శిక్షాస్మృతిలోను అట్లే యుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 170వ విభాగమును అట్లే చెప్పుచున్నది. చట్టవిరుద్ధమైన ప్రయోజనముకొఱకు చేసిన యొడంబడిక చెల్లదని 1872 నాటి ఒప్పందముల చట్టము 23వ విభాగము చెప్పుచున్నది. కావున ఆమె చేసిన వాగ్దానము న్యాయదృష్టిలో వాగ్దానమే కాదని వివరించితిమి. ఆమె యంతయు విని, "అది కోర్టు మాట సామీ. నేను అడిగేది దేవుని మాట" అనెను. ఆ క్షణమున మేము నిరుత్తరులమైతిమి. ఇరువదియేండ్లుగా ధర్మశాస్త్రమును గూర్చి ఉపన్యసించుచున్న మాకు, ఒక పామర స్త్రీ యడిగిన ధర్మప్రశ్నకు సిద్ధమైన ప్రత్యుత్తరము లేకపోయెను. మఱునాడు రమ్మని పంపివేసితిమి. ఈ వ్రాత ఆనాటి రాత్రి మేము చేసిన విచారమునుండి పెరిగినది.

ఈ చిక్కు ఒక్క క్రైస్తవమతమునకు సంబంధించినది కాదని ముందుగా చెప్పవలయును. మేము వృత్తిరీత్యా తిరుగుచుండు మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములను చూచినను ఈ సంగతి తేటపడును. మదనపల్లెలో 1863లో అమెరికా దేశపు ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చేంబర్లేన్ దొర స్థావర మేర్పఱచుకొనెను. పలు మిషనులు కలిసి నెలకొల్పిన ఆరోగ్యవరపు క్షయరోగ చికిత్సాలయము 1915లో తెఱవబడెను. ఆ యేటనే అనిబిసెంటమ్మ దివ్యజ్ఞాన కళాశాల యారంభమాయెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలకు విచ్చేసి తన 'జనగణమన' గీతము నాంగ్లములోనికి తర్జుమా చేసెను. ఆ గీతము 1912 జనవరిలో బ్రాహ్మసమాజపు తత్త్వబోధినీ పత్రికలో ప్రకటింపబడినదని మన పాఠకు లెఱుగుదురు. హిందువులను, బౌద్ధులను, ముసల్మానులను, క్రైస్తవులను ఒక్క సింహాసనము చెంతకు పిలిచిన గీత మది. ఇక పుంగనూరు పాత జమీందారీ పట్టణము. సుగుటూరు గంగమ్మ జాతరకు చుట్టుపట్ల పల్లెలన్నియు కదలివచ్చును. కుప్పము తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చు సరిహద్దు పట్టణము. అచ్చటను గంగమ్మ జాతరయే పెద్ద పండుగ. చర్చికి పోవువానిచేత బైబిలుపై చేయి వేయించుచున్నారు. జాతరకు పోవువానిచేత కర్పూర మార్పించుచున్నారు. నమాజు చేయువానిచేత ఖురానుపై ప్రమాణము చేయించుచున్నారు. గ్రంథము మాఱినను చేయి యొక్కటే, భయ మొక్కటే.

ఆరాధనకు పోవుటకును ఓటు వేయుటకును నడుమ గల సంబంధము ఎట్టిదో మొదట నిదానించి చూతము. 1940లో అమెరికాలో ఒహాయో రాష్ట్రపు ఈరీ కౌంటీయందు పాల్ లాజర్స్‌ఫెల్డ్ అను పండితుడును ఆయన సహచరులును ఎన్నికల కాలమంతయు ఓటర్లను పలుమాఱు ప్రశ్నించి, ఆ ఫలితములను 1944లో గ్రంథముగా ప్రకటించిరి. ఆ సీమలో ప్రొటెస్టెంట్లలో నెక్కువమంది రిపబ్లికను పక్షమునకును, కథోలికులలో నెక్కువమంది డెమొక్రటికు పక్షమునకును మొగ్గినట్లు వారు కనుగొనిరి. అయితే వారు కనుగొన్న రెండు సంగతు లంతకంటె ముఖ్యమైనవి. పత్రికలును రేడియో ప్రసంగములును మార్చినదానికంటె, ఎఱిగినవారితో ముఖాముఖి జరిగిన మాటలే మనుష్యుల మనస్సు నెక్కువగా మార్చినవి. మఱియు, మతమొక దిక్కునకును జీవనస్థితి మఱియొక దిక్కునకును లాగుచున్నవారు నిర్ణయమును కడపటి దినమువఱకు వాయిదా వేసిరి, లేదా ఎన్నికలపై ఆసక్తినే కోలుపోయిరి. మాయొద్దకు వచ్చిన స్త్రీ అట్లు రెండు దిక్కుల లాగబడినదే.

దీనినిబట్టి గ్రహింపవలసిన దేమనగా, ఆరాధనామందిరము ఓటును రెండు విధముల స్పృశించును. మొదటిది, మంద చేయుట. వేదికపైనుండి చేయు ప్రసంగముకంటె, ఆరాధన ముగిసి వరండాలో చెప్పులు తొడుగుకొనునపుడు జరుగు మాట బలమైనది. "మనవా డెవడు?" అను ప్రశ్న అచ్చటనే పుట్టును; జాతరలో చలువపందిరి క్రింద, మసీదు వెలుపలి తేనీటి యంగడిలో పుట్టినట్లే. రెండవది, మనిషిని చేయుట. 1995లో సిడ్నీ వెర్బా మొదలగు ముగ్గురు పండితులు ప్రకటించిన గ్రంథములో, చదువును ధనమును లేని అమెరికా పౌరులకు సభ నడపుట, లేఖ వ్రాయుట, పదుగురియెదుట మాటలాడుట యను పౌరవిద్యలు నేర్పుచున్న చోటులలో చర్చి ముఖ్యమైన దని నిరూపించిరి. ఇది మన పల్లెలలోను కన్నులార చూడవచ్చును. బడి మొగము చూడని స్త్రీ చర్చి స్త్రీల సమాజములో లెక్క వ్రాయుటయు, నలుగురియెదుట లేచి ప్రార్థించుటయు నేర్చినది. తరతరములుగా ఊరివెలుపల నిలువబడినవాడు సంఘపు పెద్దల ఎన్నికలో తాను ఓటు వేసి, తానే పెద్దగా ఎన్నుకొనబడుట నేర్చినాడు. మన సమాజచరిత్రము సయితము ఇదే చెప్పుచున్నది. 1878లో సాధారణ బ్రాహ్మసమాజ మేర్పడినది కేశవచంద్రుని కుమార్తె వివాహ విషయమున కలిగిన కలతవలన మాత్రమే కాదు. ఒక్క మహాపురుషుని యాజ్ఞపై గాక సభ్యుల సమ్మతిపై ధర్మసమాజము నడువవలెనను పట్టుదలవలనను ఏర్పడినది.

కావున ఆరాధన ఓటుపై ప్రభావము చూపరాదనుట అవివేకము. వివేకముగల ప్రశ్న యిది: అది మనిషిని తలవంచుకొని ఓటుగదికి పోవునట్లు చేయుచున్నదా, లేక తల యెత్తుకొని పోవునట్లు చేయుచున్నదా?

ఇక ఒట్టు సంగతి. దేవునిపేర చేసిన ప్రమాణము తప్పరాదను భయము నీచమైనది కాదు. ఆ భయమువలననే లోకములో పెక్కు అప్పులు తీర్పబడినవి, పెక్కు కాపురములు నిలిచినవి. పల్లెటూరి స్త్రీకి గల ఆ సత్యనిష్ఠయే ఆమె ధనము. ధనమిచ్చినవాడు కొనగోరినది ఆమె ఓటు మాత్రమే కాదు. ఆమె సత్యనిష్ఠను పట్టుకొని, దానిచేతనే ఆమె మనస్సాక్షిని బంధించినాడు. ఇంతకంటె క్రూరమైన దొంగతన మేమున్నది? అబద్ధములాడువాని యోటును వాడు కొనలేడు, ఏలయన నమ్మరాదు. నిజముపలుకువాని యోటే వానికి పనికివచ్చును.

కాని, అధర్మము చేయుదునని చేసిన ప్రమాణము ధర్మముచే నిలుచునా? ఆమె నమ్మిన గ్రంథములోనే దీనికి దృష్టాంతములు గలవు. హేరోదు రాజు విందులో నాట్యమాడిన కన్యకు ఏదడిగిన నిచ్చెదనని ఒట్టు పెట్టుకొనెను. ఆమె బాప్తిస్మమిచ్చు యోహాను తల యడుగగా, ఒట్టు తప్పుటకు సిగ్గుపడి భక్తుని చంపించెను. మార్కు సువార్త చదువు క్రైస్తవు డెవ్వడును హేరోదు సత్యవ్రతుడని కొనియాడడు. న్యాయాధిపతుల గ్రంథములో యెఫ్తా మ్రొక్కుబడి ఆయన యేకైక పుత్రికను బలిగొన్నది. మన మహాభారతములో, గాండీవమును మఱియొకరి కిమ్మన్నవానిని వధింతునని ప్రతిజ్ఞ పూనిన అర్జునుడు ధర్మరాజుపై కత్తి దూసినప్పుడు, శ్రీకృష్ణుడు కౌశికుని కథ చెప్పి యాపెను. ఆ కౌశికుడు సత్యము పలుకుదునను వ్రతముచే, దాగియున్న నిరపరాధులను దొంగలకు చూపి నరకమున కేగెను. ప్రమాణము చేసిన పిమ్మట దానికంటె మేలైనది కనబడినచో మేలైనదానినే చేసి, ప్రమాణమునకు ప్రాయశ్చిత్తము చేసికొనుమని ముసల్మానుల ప్రవక్త బోధించినట్లు హదీసు గ్రంథములు చెప్పుచున్నవి. మూడు మతములును ఒక్క మాటయే చెప్పుచుండ, మన పల్లెలలో ఈ మాట చెప్పు గురువు లేకపోవుటయే విచిత్రము.

ప్రమాణములోని పాపము దానిని మీఱుటలో లేదు, చేయుటలో నున్నది. ఓటు ఒక్కని సొత్తు గాదు. అది ఊరందఱి మేలు కీడులపై మనకు అప్పగింపబడిన నిక్షేపము. నిక్షేపముగా నున్నదానిని అమ్ముదునని చెప్పువాడు తనది కానిదానిని వాగ్దానము చేసినాడు. తనది కానిది ఇయ్యకుండుట మాట తప్పుట యెట్లగును? తప్పు ఒప్పుకొనుటయు, వీలైన పుచ్చుకొన్న ధనమును తిరిగి యిచ్చుటయు, ఇక నట్లు చేయకుండుటయు దానికి ప్రాయశ్చిత్తము.

గురువు స్వయముగా నాజ్ఞాపించిన సంగతి యేమి యని యడుగవచ్చును. ఇది కొత్త ప్రశ్న గాదు. మదనపల్లెలో రవీంద్రుని గీతమునకు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్సమ్మ ఐర్లండు దేశస్థురాలు. ఆమె పుట్టిన దేశమున 1892లో మీత్ సీమయందు ఉత్తర దక్షిణ నియోజకముల రెండింటి యెన్నికలను న్యాయాధిపతులు రద్దు చేసిరి. ఏలయన అచ్చటి బిషపును గురువులును ఫలానా పక్షమునకు ఓటు వేయువారు మతద్రోహులని భయపెట్టియుండిరి. మన దేశమున 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగము, ఓటరునకు దైవాగ్రహము గాని ధార్మికమైన వెలి గాని కలుగునని నమ్మించుటను ఎన్నికలలో అక్రమాచరణముగా నిర్ణయించినది. 1957లో పంజాబునందలి సిర్సా నియోజకములో నామధారి సిక్కుల సద్గురువు ఒక అభ్యర్థికి ఓటు వేయవలసినదని తన శిష్యుల కాజ్ఞ పంపగా, 1959లో సుప్రీముకోర్టు దానిని అనుచితప్రభావముగా నెంచినది. గురువు తన యభిప్రాయమును చెప్పుకొనవచ్చును గాని, శిష్యునికి వేఱు త్రోవ లేనట్లు చేయరాదని ఆ తీర్పు సారాంశము. 2017 జనవరి 2వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో నలుగురు, అభ్యర్థి మతమే గాక ఓటరు మతము పేరుచెప్పి ఓటడుగుటయు అక్రమమే యని నిర్ణయించిరి. తక్కిన ముగ్గురు, ఓటర్లు తమ మతమువలనను కులమువలనను పడుచున్న యన్యాయములను గూర్చిన చర్చను అణచరాదని భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఈ రెండవ మాటను గూర్చి మఱల ముచ్చటించెదము.

చట్టము చేయి పొడుగే గాని వరండాలోని గుసగుసను అందుకొనునంత పొడుగు గాదు. ఎన్నికల వ్యాజ్యమును ఫలితము వెలువడిన 45 దినములలో హైకోర్టున వేయవలయును. ఓడిపోయినవాడు గాని ఓటరు గాని పూనుకొనవలయును. సాక్ష్యము నేరవిచారణలో వలె గట్టిగా నుండవలయును. బైబిలుపై చేయి వేసిన స్త్రీ కోర్టుకెక్కి సాక్ష్యము పలుకునా? పలికినచో తాను ధనము పుచ్చుకొన్న సంగతియు చెప్పుకొనవలయును గదా! కావున చట్ట మాగినచోట మనస్సాక్షి నడువవలయును.

ఇంకొక సంగతియు విద్యావంతు లెఱుగవలసియున్నది. ఒక్కొక్కని యోటు రహస్యమే కాని పల్లె యోటు రహస్యము కాదు. పూర్వము కాగితపు ఓట్ల కాలమున పలు పెట్టెలలోని కాగితములను కలిపి లెక్కించుటకు వీలుండెను. ఇప్పుడు యంత్రముల లెక్క పోలింగు కేంద్రము వారీగా వెలువడుచున్నది. ఫలితపత్రములో ఏ కేంద్రమున ఎవరికెన్ని వచ్చినవో అందఱికిని కనబడును. ఒక కేంద్రమున నున్న వేయిమందిలో సగముమంది ఒకే చర్చివారో, ఒకే గుడివారో యైనప్పుడు, ఆ సంఘము తన మాట నిలుపుకొన్నదో లేదో నాయకుడు వ్రేలు పెట్టి లెక్కింపగలడు. పలు కేంద్రముల లెక్క కలుపు సాధనమును వాడవలెనని ఎన్నికల సంఘము 2008లోనే సూచించినను, 2015లో న్యాయసంస్కరణల సంఘము సమర్థించినను, అది యాచరణలోనికి రాలేదు. ఇందువలన గురువులకు దళారి పని దొరకినది. "మా సంఘములో మూడువందల యోట్లున్నవి" యని చెప్పువాడు కాపరియా, వర్తకుడా? దీనికి తోడు పూజారులకు, ఇమాములకు, పాస్టర్లకు ఖజానానుండి గౌరవవేతన మిచ్చుటయు, ఎన్నికల ముందు దానిని హెచ్చించెదమని పలుకుటయు మన రాష్ట్రమున వాడుకయైనది. బీద గురువు ఆకలి తీరుట మంచిదే. కాని, దేవుని పేర మాటలాడువాడు ప్రభుత్వపు చేతివంక చూచుట నేర్చినచో, రాజుకు అప్రియమైన సత్యమును చెప్పువా రెవ్వరు?

ఇచ్చట ఒక గట్టి యాక్షేపణ కలదు. దానిని మాకు కుప్పము ప్రాంతపు పాస్టరొకరు చెప్పినారు. "అయ్యా, మీవంటి పెద్దలకు పలుకుబడి యున్నది, పొలమున్నది, బంధువులలో అధికారులున్నారు. మావారికి ఉన్నది ఓటొక్కటే. విడివిడిగా వేసిన మమ్ము లెక్కచేయువా రెవ్వరు? ఒక్క ముడిగా వేసిన మా వీధికి నీళ్ళు వచ్చును. మా మతమును మఱచి ఓటు వేయుమని మీరందురు. ప్రభుత్వము మా మతమును మఱచినదా?" ఈ మాటలో బలమున్నది. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు మొదట హిందువులను మాత్రమే యా కులములవారిగా గుర్తించి, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినది, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశములో క్రైస్తవులైన దళితులు బి.సి.-సి తరగతిలో, నూటికొక్క వంతు రిజర్వేషనులో నుంచబడినారు. కుప్పమునకు పొరుగుననే యున్న కోలారు బంగారుగనులలో జరిగిన వ్యవహార మిది: అచ్చటి రిజర్వుడు స్థానమునుండి 1967లో గెలిచిన ఎస్. రాజగోపాల్ లోగడ క్రైస్తవము పుచ్చుకొనియుండెను. తిరిగి హిందువైనను కులములో చేర్చుకొనబడినట్లు ఋజువు లేదని 1968లో సుప్రీముకోర్టు ఎన్నిక చెల్లదనెను. 1972లో ఆయన మఱల గెలువగా, కులమువారాయనను తిరిగి యంగీకరించినారని 1975లో అదే న్యాయస్థానము ఎన్నికను నిలిపినది. మనిషి దేవు నేపేర పిలిచెనో దానినిబట్టి ఏ స్థానమున నిలువవచ్చునో నిర్ణయింపబడుచుండ, ఆదివారము చర్చికి పోయి కాగితములలో హిందువుగా నుండువానిని మనము కపటియని నిందింపవచ్చునా? 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశపు క్రైస్తవులు నూటికి 1.34 మందియే. చర్చి బల్లలు చెప్పు లెక్క వేఱు. చట్టమే మనస్సాక్షిని దాచుకొమ్మని ధర నిర్ణయించినది.

కావున బలహీనులు కలిసి ఓటు వేయుట పాపమని మేము చెప్పము. ఆ ముగ్గురు న్యాయమూర్తులు తలచినదియు నిదియే: అన్యాయమును కలిసి యనుభవించినవారు దానిని గూర్చి కలిసి మాటలాడుట ప్రజాస్వామ్యమునకు వైరి గాదు. మేము వేఱుచేయగోరునది, విచారించి కలియుటను, భయపడి కలియుటను. వీధికి నీళ్ళెవరు తెచ్చెదరో, బడి యెవరు బాగుచేసెదరో రచ్చకట్టయొద్ద తర్కించి, కాదనువాని మాటయు విని, నూఱుగురు ఒక్క నిశ్చయమునకు వచ్చిన నది సంఘము. తర్కము లేక, గ్రంథముపై చేయి వేయించి, కాదన్నవానికి శాపము చూపి కూడగట్టిన నది మంద. మొదటిదానిలో ఓడిపోయిన యొక్కడు వేఱుగా ఓటు వేసి మఱునాడును అదే బల్లపై కూర్చుండగలడు. రెండవదానిలో కూర్చుండలేడు. ఇదియే పరీక్ష. కలిసి యున్న యోటుల సంఖ్యను గాక, వేఱుపడినవానికి దొరకు చోటును చూడుడు.

క్రైస్తవులలోనే ఈ వివేకము గల పెద్దలు లేకపోలేదు. తమవారికి వేఱు నియోజకములు వలదని కె.టి. పాల్ 1930 నాటి రౌండుటేబిలు సభలో వాదించెను. 1949లో రాజ్యాంగసభ మతములనుబట్టి స్థానములు ప్రత్యేకించు పద్ధతిని విడిచినపుడు, ఆ సభకు ఉపాధ్యక్షుడైన హరేంద్రకుమార ముఖర్జీ తాను క్రైస్తవుడయ్యును దానికి ముందునిలిచెను. మత, జాతి, కుల, లింగభేదములనుబట్టి ఎవ్వరిని ఓటర్ల జాబితానుండి తప్పింపరాదనియు, జాబితా యందఱికి నొక్కటే యనియు రాజ్యాంగపు 325వ యధికరణము చెప్పుచున్నది. అభిమానమును విడిచి వారు నిలిపిన యా జాబితాను మనము మఱల రహస్యముగా ముక్కలు చేయుచున్నాము.

ఇంతవఱకు చదివిన విద్యావంతులగు మన సోదరులు, ఇది పల్లెవారికిని పాస్టర్లకును చెప్పవలసిన నీతియని తలపోయవచ్చును. అట్లు తలపోయకుండుటకై మా తప్పొకటి చెప్పుకొనెదము. ఒక పురపాలక ఎన్నికలలో మా స్నేహితుడొకడు నిలిచెను. యోగ్యుడే కాని ఎదుటివాడును యోగ్యుడే. ఆదివారము సాయంకాలము మా ఇంట ప్రార్థనకు కూడు పదునేనుగురికి, ప్రార్థన ముగిసినతోడనే, "మనవా డొకడు నిలిచినాడు" అని మేము చెప్పితిమి. బెదిరింపలేదు, ఒట్టు పెట్టింపలేదు. అయినను కన్నులు మూసి నిరాకారుని తలచిన క్షణపు మెత్తదనము వారి మనస్సుల నింకను విడువకముందే, ఆ మెత్తదనమును మేము వాడుకొంటిమి. వారిలో ఎదుటివానికి ఓటు వేయదలచిన యొక వృద్ధుడు తరువాత మూడు వారములు ప్రార్థనకు రాలేదు. బైబిలును మోసికొనివచ్చిన సంఘపు పెద్దకును మాకును భేదము పరిమాణములోనే గాని స్వభావములో లేదని ఆ వృద్ధుని ఖాళీ కుర్చీ మాకు తెలిపినది. మూఢభక్తిని వెక్కిరించు మనము కులము చూచి వేయుచున్నాము. బంధుత్వము చూచి వేయుచున్నాము. ఎండ యెక్కువగా నున్నదని వేయకయే యింట కూర్చుండుచున్నాము.

మన సమాజమునకు మూలపురుషుడైన రామమోహనరాయలు 1826 నాటి జూరీ చట్టమున, హిందువులను ముసల్మానులను క్రైస్తవులు విచారింపవచ్చును గాని క్రైస్తవులను వారు విచారింపరాదను నియమమును చూచి, హిందూ ముసల్మానులందఱి పక్షమున పోరాడెను. తనవారికి మాత్రమే మేలు కోరలేదు. ధర్మమున తూకము సరిగా నుండవలెనని కోరెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులవారు తొలి వితంతువివాహము చేయించినపుడు, తోడ్పడినవారిని వెలి భయము వెన్నాడినది. ఆ భయము నాడు పెండ్లిపందిటికి వచ్చినది, నేడు ఓటుగదికి వచ్చుచున్నది. దాని నెదిరించుట మన పితృధనము.

మఱి ఏమి చేయవలయును? మేము నాలుగు నియమములను పెట్టుకొంటిమి. ప్రార్థనాస్థలమున అభ్యర్థి పేరును, పక్షము పేరును ఎత్తము. లంచము పాపమనియు, అబద్ధపు ఒట్టు చెల్లదనియు, ఓటు నిక్షేపమనియు మాత్రము వెఱవక చెప్పెదము. ఏలయన ఇది పక్షము గాదు, ధర్మము. అభ్యర్థులను ప్రశ్నింపవలసినచో గుడికిని చర్చికిని వెలుపల, అన్ని మతములవారు కూడు చోట ప్రశ్నించెదము. ఎన్నికల మఱుసటి యారాధనకు, మనకు విరుద్ధముగా ఓటు వేసినవానిని మనమే పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనెదము.

మఱునా డాస్త్రీ వచ్చినది. ఆమెకు హేరోదు కథను జ్ఞాపకము చేసితిమి. ఆమె ఆ కథను మాకంటె బాగుగా నెఱుగును. కాని తన చేతికిని ఆ రాజు చేతికిని సంబంధ మున్నదని ఎవ్వరును చెప్పియుండలేదు. చాలసేపు ఊరకుండి, "అయితే దుడ్లు ఏం జేసేది సామీ?" అని యడిగెను. తిరిగి యిచ్చుట మేలని చెప్పితిమి. ఇచ్చినచో పల్లెలో కీడు జరుగవచ్చునని ఆమె చెప్పినది. అది నిజమే. ధర్మము చెప్పుట మాకు సులభము, పల్లెలో బ్రతుకుట ఆమెకు. కనుక ఆ నిర్ణయమును ఆమెకే విడిచితిమి. అటుపిమ్మట దావా విషయమై ఆమె పలుమాఱు వచ్చినది. ఓటు ఎవరికి వేసినదో మే మడుగలేదు, ఆమె చెప్పలేదు. 1917 డిసెంబరులో మాంటేగు దొర యొద్దకు స్త్రీల రాయబారమును నడపుటకు కజిన్సమ్మ పడిన పాటును, 1921లో మదరాసు శాసనసభ స్త్రీలకు ఓటిచ్చిన తీర్మానమును, ఆమె ఎఱుగదు. కాని ఆ గదిలో ఆమె యొంటరిగా నిలిచిన ఆ క్షణముకొఱకే వారందఱు పాటుపడిరి.

సర్వాంతర్యామియగు పరమేశ్వరుడు ఆ గదిలోను ఉన్నాడు. అచ్చట ఆయన గురువు స్వరముతో గాని, కులపెద్ద స్వరముతో గాని మాటలాడడు. మనలోని సన్నని స్వరముతోనే మాటలాడును. దానిని వినుటకు కావలసిన నిశ్శబ్దమును మన ప్రార్థనామందిరములు మన కలవఱచుగాక.